సుంకప్ప గురగుర

ఫిబ్రవరి 4

సోమక్క మళ్లీ అదే మాట అంది. ఎదురింటి అరుగు మీద కూర్చుని, నాకు వినపడేలా, "మగ మనిషి లేని ఇల్లు, వాకిలి శానా బోడిగా ఉండాది" అని. నేను ఊరుకుంటానా? "నీ ఇంట్లో మగ మనిషి కూడా తోరణం మాదిరి గుమ్మానికి వేలాడ్తాంటాడు గానీ, ఒక్క పని చేసింది నేను చూడలే" అన్నాను. లేచి లోపలికి పోయింది.

గెలిచాను. గెలిచి ఇంట్లోకొచ్చి ఒక్కదాన్నే అన్నం తిన్నాను.

ఫిబ్రవరి 5

ఈరోజు సుంకప్ప లారీ సంచి విప్పాను. ఆయన చనిపోయినప్పుడు మంగంపేట నుంచి లారీ ఓనరు పంపించాడు. అప్పటి నుంచి మంచం కిందే ఉంది. విప్పడానికి తీరిక లేదని అందరికీ చెప్పాను. పిండి మర నడిపేదానికి తీరిక ఎక్కడుంటుంది?

(మొగుణ్ని పేరు పెట్టి రాస్తున్నాను. బతికుండగా పేరు పెట్టి పిలిస్తే చుట్టాలంతా నోరు నొక్కుకునేవారు. ఇప్పుడు ఎవరొచ్చి నా చెయ్యి పట్టుకుంటారో చూద్దాం.)

సంచిలో రెండు లుంగీలు, లారీలో తోలే ముగ్గురాయి దుమ్ము, ఈ-సిగరెట్ అంటారే, ఆ పొగ మిషను. కువైట్ నుంచి వచ్చినప్పుడు మా మరిది మహానంది తెచ్చిచ్చాడు, బీడీలు మానతావు అని. మన దేశంలో దాన్ని అమ్మకూడదంట, పోలీసులు పట్టుకుంటారంట. అందుకని వీధిలో ఎప్పుడూ తీసేవాడు కాదు. లారీ దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ పొద్దు గుంకే వేళకు పెరట్లో వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గోడకు అవతల, వాళ్ల పెరట్లో, స్నేహితుడు ఓబుళేశు. ఈయన మిషను గురగుర, ఆయన కబుర్లు. మొహాలు చూసుకోకుండా ఇద్దరు మగవాళ్లు అంతసేపు ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. అడిగితే "ఏమీ లేదులే" అనేవాడు.

మిషను మీద చిన్న గాజు ట్యాంకు. అందులో అడుగున ఇంకా కొంచెం రసం ఉంది. మామిడిపండు వాసన. ఒక రసం సీసా, విడిగా రెండు కొత్త కాయిళ్లు కూడా ఉన్నాయి. కాయిల్ అంటే మొదట్లో నేను దోమలకు అనుకున్నాను. ఇది వేలి గోరంత డబ్బీ. లోపల తీగ చుట్ట, దాని చుట్టూ దూది. దూది రసం తాగుతుంది, తీగ కాలుతుంది, పొగ వస్తుంది. అంతే సంగతి.

ఎందుకో చార్జింగ్ పెట్టాను.

ఫిబ్రవరి 7

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఓబుళేశు ఆర్టీసీలో కండక్టరు చేసి దిగాడు. దయ్యాలంటే హడలు. నైట్ హాల్టులో బస్సులో ఒక్కడూ పడుకోలేక డ్రైవరు దుప్పట్లో దూరేవాడని సుంకప్ప చెప్పి చెప్పి నవ్వేవాడు. పెళ్లాం పోయాక ఒంటరి మనిషి. సుంకప్ప పోయినప్పటి నుంచి మా గుమ్మం తొక్కలేదు. తొక్కితే సోమక్క ఊరంతా చాటుతుంది. వీధిలో ఎదురైతే తల దించుకుని "బాగుండావా వదినా" అంటాడు, నేను "బాగుండా" అనేలోపే మలుపు తిరిగిపోతాడు.

అందుకే అనుకున్నాను, ఒక్కసారి భయపెడదామని. నేను నవ్వి ఎన్నాళ్లయిందో.

పొద్దు గుంకగానే వెనక గోడ దగ్గర సుంకప్ప కూర్చునే చోటే కూర్చుని, మీట నొక్కి గట్టిగా పీల్చాను. అబ్బా! గొంతులో మిరపకాయ దంచినట్టయింది. కానీ గురగుర మాత్రం అచ్చం ఆయనదే. పొగ గోడ మీదుగా లేచింది, మామిడిపండు వాసనతో. అవతల చెంబు కింద పడిన చప్పుడు. ఇక అరుస్తాడు, పరిగెత్తుతాడు, రేపు వీధంతా చెప్పుకుని నవ్వొచ్చు అని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

ఓబుళేశు అరవలేదు. కాసేపటికి కుక్కి మంచం గోడ వైపు లాక్కున్న చప్పుడైంది.

"వచ్చినావాప్పా?" అన్నాడు.

నేను కదల్లేదు.

"మంచి పని చేసినావులే. సాయంత్రమైతే యాడికి పోవల్లనో తెలీడంలే నాకు. బస్టాండుకు పోయి కూచుంటాండా. పోయే బస్సు, వచ్చే బస్సు. ఎవురూ టికెట్ అడగరు, నేనూ ఎవురినీ అడగను."

నవ్వు రాలేదు. కొంగు నోట్లోనే ఉండిపోయింది. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని ఇంకోసారి పీల్చాను. గురగుర.

"అదీ" అన్నాడు.

రేపు నిజం చెప్పేస్తాను.

ఫిబ్రవరి 8

రేపు చెప్తాను.

ఫిబ్రవరి 13

ఇంకా ఆడించి చెబితేనే మజా. ఇప్పుడే చెబితే సగం వండిన కూర దించినట్టు.

ఈరోజు ఓబుళేశు మాట నా మీదకు మళ్లింది. "వదిన శానా చిక్కిపోయినాది సుంకప్పా. మర కాడ నిలబడుకోనుంటే పిండి మూట ఏదో మనిషి ఏదో తెలీడంలే, అంతా తెల్లగా." నోటిదాకా వచ్చింది, నీ గుడ్డి కళ్లకు అన్నీ మూటలేలే అని. మింగేసి గట్టిగా పీల్చాను. నోట్లో వేడి రసం చుక్క పడి నాలుక చురుక్కుమంది.

"కోపమొచ్చినట్టుందే" అని నవ్వాడు. "ఇంగోటి చెప్తా ఉండు. మర బెల్టు జారుతాండాది. కీచుమని వీధి కొసకు వినపడ్తాంది. తెగి చేతి మీద పడితే ఎట్ల? చెప్పేదానికి నాకు దారి లేదు."

నేను మరదాన్ని. చప్పుడు వింటే రాయి అరిగిందో బేరింగు పోయిందో చెప్తాను. అయినా ఆ బెల్టు కీచు నాకు వినపడలేదు. రోజూ వినేది వినపడదేమో.

ఫిబ్రవరి 15

బెల్టు మార్పించాను. ఎటూ మార్పించాలనే ఉండింది.

సాయంత్రం గోడ అవతల నుంచి "వదిన బెల్టు మార్చింది. నువ్వే చెప్పింటావులే" అన్నాడు. నమ్మేశాడు! పిచ్చి మనిషి. ఇంత పెద్ద నాటకం నేను ఎప్పుడూ ఆడలేదు. చూడడానికి ఎవరూ లేరు, అదొక్కటే లోటు.

ఫిబ్రవరి 22

తప్పు చేశాను.

మిషను ఊరికే కక్కుతూ ఉంది. ట్యాంకు కింద రసం కారి చెయ్యంతా జిగట. పీల్చకుండానే బుడబుడ, పీలిస్తే నోట్లోకి చుక్కలు. నా చేతిలో ఏ మిషనూ ఇలా ఏడవకూడదు. మధ్యాహ్నం కూర్చుని మొత్తం విప్పాను. ట్యాంకు గోరువెచ్చని నీళ్లతో కడిగాను. పొగ వచ్చే గొట్టంలో రసం నిలిచిపోయింది, పాత ధోవతి గుడ్డను వత్తిలా చేసి దూర్చి తుడిచాను. కాయిల్ కడిగి, ఊది, ఎండలో పెట్టాను. అడుగున రబ్బరు ఉంగరం పక్కకు జరిగి ఉంది, సరిగ్గా కూర్చోబెట్టాను. కారేదంతా దానివల్లే.

సాయంత్రం పీల్చాను. పట్టులా ఉంది. చప్పుడే లేదు.

"సుంకప్పా?" అన్నాడు అవతల.

ఇంకోసారి పీల్చాను. పొగ వచ్చింది గానీ గాలికి పక్కకు పోయింది. చప్పుడు లేదు.

"ఏమప్పా, అలిగినావా? నేనేమంటి?"

పీల్చాను, పీల్చాను. తల తిరిగింది. నా మొహానికి అంత బాగా కడగడం ఎందుకు? ఓబుళేశు కాసేపు చూసి, మంచం ఎత్తుకుని లోపలికి పోయాడు. తలుపు గడియ పడిన చప్పుడు.

ఫిబ్రవరి 23

పొద్దున్నుంచీ దాంతోనే కుస్తీ. పిండికి వచ్చినోళ్లను "మోటారు వేడెక్కింది, మళ్లీ రా" అని పంపేశాను.

చప్పుడు ఎలా పోగొట్టాలో అందరికీ తెలుసు. ఎలా తెప్పించాలో ఎవరు చెప్తారు? ఫోన్ వీడియోలో హిందీ పిల్లోడొకడు చెప్తాడు: మెల్లగా పీల్చండి, ట్యాంకు నిండా పొయ్యకండి, పడుకోబెట్టకండి, అప్పుడు గురగుర రాదు అని. సరే అని అన్నీ తిరగేసి చేశాను. నిండా పోశాను. పక్కకు పడుకోబెట్టాను. గాలి రంధ్రం సగం మూసి, బీడీ పీల్చినట్టు దవడలు లోపలికి పోయేలా గుంజాను.

గురగురగుర.

అప్పుడు అర్థమైంది. సుంకప్ప మిషను పాడై కాదు గురగురలాడింది. చివరిదాకా దాన్ని బీడీలాగే పీల్చాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, మెల్లగా పీల్చవయ్యా అని. నేను చెప్పేదాన్నే, కానీ ఎప్పుడూ వేరే సంగతులు.

సాయంత్రం ఓబుళేశు గోడ అవతలకు వచ్చాడు. "మనసు కుదుటపడిందా?" అన్నాడు.

మార్చి 9

రసం అయిపోయింది. మందుల షాపులో గ్లిజరిన్ అడిగాను. "ఏంటికక్కా, పెదాలు పగిలినాయా?" అన్నాడు షాపాయన.

"పెదాలు కాదు, మొగుడు ఎండిపోయినాడు" అన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక సీసా ఇచ్చి పంపాడు.

ఉత్త గ్లిజరిన్ చిక్కగా ఉంది, దూది తాగదు. కొంచెం నీళ్లు కలిపితే తాగింది. మామిడిపండు వాసన లేదు. "వాసన మారిందే" అన్నాడు ఓబుళేశు. "ఆడ దొరకదేమోలే" అని తనే సర్దుకున్నాడు.

మార్చి 20

ఒక కాయిల్ తగలబెట్టాను.

పాతది మాడు వాసన వస్తుంటే తీసి కొత్తది బిగించాను. సుంకప్ప వందసార్లు చెప్పాడు: కొత్త కాయిల్ వేసినాక దూది మీద నాలుగు చుక్కలు వేసి, ట్యాంకు నింపి, ఒక టీ తాగొచ్చేంతసేపు ముట్టుకోకూడదు అని. దూది తడవకుండా మీట నొక్కితే ఒక్క క్షణంలో బొగ్గవుతుంది. నాకు తెలుసు. కానీ అవతల ఓబుళేశు అప్పుడే వచ్చి దగ్గుతున్నాడు. ఆగలేక నొక్కాను. గొంతులోకి కాలిన గుడ్డ.

మిగిలింది ఒక్కటే.

మార్చి 21

మహానందికి ఫోన్ చేశాను, కాయిళ్లు పంపిస్తావా అని.

"వదినా, నన్ను జైల్లో పెట్టిస్తావా? ఎవురికి?"

"నాకే."

"నువ్వు తాగుతాండావా?"

"పొలంలో ఎలకలకు పొగబెడ్తాండా" అన్నాను.

నాకు పొలం లేదని గుర్తొచ్చేలోపు పెట్టేశాను.

ఏప్రిల్ 6

వీధి కాలవలో పడ్డాడు ఓబుళేశు. పట్టపగలు. కాలవ కనపడలేదంట. మోకాలు చెక్కుకుపోయింది. నలుగురు లేపారు. నేను మర దగ్గర నుంచి చూశాను. చేతికి పిండి. తుడుచుకునేలోపు లేపేశారు. సోమక్క కూడా లేపింది. నేను తుడుచుకుంటూనే ఉన్నాను.

ఏప్రిల్ 12

కడప నుంచి ఓబుళేశు కూతురు శ్రీవాణి వచ్చింది. పిండి పట్టించుకునే వంకతో నా దగ్గర కూర్చుంది.

"కండ్లలో రెండిట్లోనూ పొర ఉండాదంట పెద్దమ్మా. ఆపరేషన్ చేయిస్తే చూపొస్తాది. తరవాత మా ఇంట్లోనే ఉండమంటాండా. ఈడ ఒక్కడే యేం చేస్తాడు? అడిగితే 'ఒకరిని అడిగి చెప్తా' అంటాడు. ఎవురిని అడగల్ల? ఈడ ఎవురుండారు నాయినకు?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

ఏప్రిల్ 13

అడిగాడు.

కూతురు గుడికి పోయిన సమయం చూసి వచ్చి కూర్చున్నాడు. నేను వెంటనే పీల్చలేదు. ఈ చివరి కాయిల్ ఓపిక కొంచెమే, పొదుపుగా వాడుతున్నాను.

"సుంకప్పా, పాప రమ్మంటాండాది. పోతే మళ్లీ రానేమో. అల్లుడు మంచోడే, పిల్లోళ్లు ఉండారు. కానీ ఈ గోడ ఆడ ఉండదు కదా." గోడను అరచేత్తో తట్టిన చప్పుడు. "నాకు నువ్వు చెప్పు. నువ్వెట్ల చెప్తే అట్ల. మన బస్సు లెక్కే పెట్టుకుందాం. ఒక్క గంట కొడితే ఆగల్ల. రెండు కొడితే రైట్ రైట్, పోవల్ల. ఇప్పుడే వద్దులే. రేపు సాయంత్రం చెప్పు."

మంచం ఎత్తుకుని పోయాడు.

ఆగమనడానికి ఒక్క గురగుర చాలు. ఈ కాయిల్ ఇప్పుడున్న స్థితిలో సరిగ్గా ఒక్కటే వస్తుంది. మొదటిసారికే దాని గొంతు పూడిపోతుంది, రెండోసారి పీలిస్తే మాడు, చప్పుడుండదు. నేనేమీ చెయ్యనక్కరలేదు. ఊరికే ఒకసారి పీల్చి, చేతులు కడుక్కుంటే చాలు. ఆగిపోతాడు.

ఏప్రిల్ 14

మర తెరవలేదు.

కాయిల్ విప్పాను. మీద నల్లటి పెచ్చు కట్టింది. వేడి నీళ్లలో నానబెట్టాను. నీళ్లు టీ రంగు తిరిగాయి, పారబోసి మళ్లీ పోశాను. గట్టిగా రుద్దితే దూది చినుగుతుంది. వేలితో తాకి తాకి కడిగాను, పసిపిల్ల చెవి కడిగినట్టు. నీళ్లు తేటపడేదాకా. తరవాత ఊది, పళ్లెంలో పెట్టి, మిద్దె మీద ఎండలో పెట్టాను. కర్నూలు ఎండ ఇన్నాళ్లకు ఒక మంచి పని చేసింది. పిట్ట ఎత్తుకుపోతుందేమోనని పక్కనే కూర్చున్నాను. మాడు పగిలిపోయింది.

కూర్చుని అనుకున్నాను: సుంకప్ప స్నేహితుడు. సుంకప్ప ఉంటే ఏం చెప్పేవాడు? పో, కళ్లు బాగు చేయించుకో, కూతురి దగ్గర ఉండు అనే చెప్పేవాడు. ఎవరైనా అదే చెప్తారు. నేనెవర్ని మధ్యలో? నేను ఉత్త చప్పుడు.

ఆరాక నాలుగు చుక్కలు వేశాను. నింపాను. ఈసారి టీ పెట్టుకుని, నిజంగా తాగి, గ్లాసు కడిగి వచ్చాను.

పొద్దు గుంకింది. అవతల మంచం చప్పుడు.

"చెప్పప్పా" అన్నాడు.

గాలి రంధ్రం సగం మూసి, దవడలు గుంజి పీల్చాను. గురగుర. బాగా వచ్చింది.

అక్కడ ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు. సోమక్క వాళ్ల టీవీలో ఎవరో ఏడుస్తున్నారు.

రెండోది పీల్చాను. గురగుర.

"సరే" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "సరే అప్పా" అన్నాడు.

మూడోది రాకుండా ట్యాంకు విప్పి రసమంతా మట్టిలో పోసేశాను. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు.

ఏప్రిల్ 15

మంచి పని చేశాను. మంచి పని చేస్తే మనసు తేలికవుతుందంటారు. అవుతుందేమో, రేపు.

ఏప్రిల్ 18

ఆటో వచ్చింది. పెట్టెలు, పరుపు చుట్ట, కుక్కి మంచం కూడా పైన కట్టారు. వీధిలో అందరూ నిలబడ్డారు. సోమక్క అరుగు మీద. నేను మర గుమ్మంలో.

ఓబుళేశు అందరికీ చెప్పి, చివర నా దగ్గరకొచ్చాడు. శ్రీవాణి ఆటోలో కూర్చుంది.

"పోయొస్తా వదినా."

"కండ్లు బాగైతే ఊళ్లో అందరి మొహాలూ ఎట్లుంటాయో తెలుస్తాది. భయపడొద్దు" అన్నాను. నా వంతు నేను అన్నాను.

నవ్వాడు. తరవాత గొంతు తగ్గించాడు. "రెండు గంటలు వినపడినాయి వదినా."

"ఏం గంటలు?"

"సుంకప్ప అయితే ఒకటే కొట్టేటోడు. నన్ను యాడికీ పోనిచ్చేటోడు కాదు." నేల వైపు చూస్తూ అన్నాడు. "నేను అడిగింది నిన్ను. నువ్వు పొమ్మన్నావు. సరే, పోతాండా."

ఏదో ఒకటి అనాలి. ఎవరేమన్నా తిరిగి అనకుండా ఊరుకోలేదు నేను పుట్టాక. సోమక్క చూస్తోంది. ఆటో డ్రైవరు హారను కొట్టాడు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

ఆటో మలుపు తిరిగింది.

ఏప్రిల్ 19

బెల్టు సంగతి నాకే చెప్పాడు. చిక్కిపోయానని నాకే చెప్పాడు. నాటకం ఆడింది నేను. తెలిసీ చూస్తూ కూర్చుంది ఆయన.

ఏప్రిల్ 22

ప్రశాంతంగా ఉంది. సాయంత్రం పెరట్లో పని ఏమీ లేదు. బాగుంది.

ఏప్రిల్ 25

బాగుంది.

ఏప్రిల్ 29

సోమక్క ఈరోజు నా అరుగు మీదకే వచ్చి కూర్చుంది. "ఏమి ఈరక్కా, నాలిక యాడ పెట్టి మర్సిపోయినావు? తిట్టడంలే నన్ను" అంది. జ్వరమొచ్చిందేమోనని నుదురు తాకి చూసింది. దాన్ని తిట్టడానికి కూడా మాట దొరకలేదు. పాపం, నిరాశపడి పోయింది.

మే 3

ఓబుళేశుకు ఒక కంటికి ఆపరేషన్ అయిందంట. బస్టాండులో టీ కొట్టాయన చెప్పాడు. టీ కొట్టాయనకు తెలిసింది, నాకు తెలియలేదు. తెలియడానికి నేనెవర్ని? వదినను. చచ్చిపోయిన స్నేహితుడి పెళ్లాన్ని. ఫోన్ చేస్తే శ్రీవాణి ఏమనుకుంటుంది? అల్లుడు ఏమనుకుంటాడు? గోడ ఉన్నప్పుడు గోడ చూసుకునేది అదంతా.

మే 5

మధ్యాహ్నం మర ఆడుతుండగా, గిరాకీ ఉండగా, ఆలోచించకుండా ఫోన్ చేశాను. ఆలోచిస్తే చెయ్యను.

"ఎవురూ?" అన్నాడు.

మర చప్పుడులో నా మాట నాకే వినపడదు. స్విచ్చి ఆపేశాను. జొన్నల డబ్బా పట్టుకుని నిలబడ్డ ముసలాయన "ఏమైందమ్మా?" అన్నాడు. చెయ్యి చూపించి ఆగమన్నాను.

"నేను. ఈరక్కను."

"ఏ ఈరక్క?"

"నందికొట్కూరులో ఎంతమంది ఈరక్కలు ఉండారప్పా నీకు?"

అవతల నవ్వు. గోడ లేకుండా ఆ నవ్వు ఇంత దగ్గరగా ఉంటుందని తెలియదు.

"కన్నెట్లుండాది?" అన్నాను.

"గోడలన్నీ తెల్లగా కనపడ్తాండాయి. ఇంత తెలుపు ఉండాదని తెలీదు."

"నేను పొమ్మన్నది కంటికి" అన్నాను. "కన్ను బాగైనాక యాడ ఉండల్లనో నేను చెప్పలే."

ఆయన ఏదో అనేలోపే శ్రీవాణి గొంతు, ఏదో గదిలోంచి: "ఎవురు నాయినా ఫోన్‌లో?"

చెవి ఆనించి నిలబడ్డాను. నందికొట్కూరు వదిన అంటాడు, సుంకప్ప పెండ్లాము అంటాడు. ఎవురూ కాదులే అన్నా అంటాడు. అంటే పెట్టేద్దామని వేలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నా దోస్తు" అన్నాడు.

ఇంకా ఏం మాట్లాడామో ఇక్కడ రాయను. జొన్నల ముసలాయన డబ్బా దించి దాని మీదే కూర్చున్నాడు. వెనకొచ్చినోళ్లు కూడా వరసగా కూర్చున్నారు. ఎవరూ త్వరగా పట్టమని అడగలేదు.